ఒక్క పుస్తకమే కొనవలెనన్నచో: ప్రపంచ యుద్ధ విమానములు

పల్లె గ్రంథాలయమునకు పుస్తకము కొనుట సేద్యగాడు ఎద్దును కొనుట వంటిది. చేతిలోని ధనము మితము. కొన్నది పెక్కేండ్లు పనికి రావలెను. సంతలో చూపునకు నిగనిగలాడునది కాడి క్రింద నిలువకపోవచ్చును. కావున తెలిసినవాడు ముందుగా పండ్లు చూచును, నడక చూచును, బరువు లాగించి చూచును. వెల మాట ఆ తరువాతనే.

కడప జిల్లాలో పెండ్లిమర్రి వంటి యొక గ్రామమున చిన్న గ్రంథాలయము కలదనుకొందము. రెండు ప్రపంచ మహాయుద్ధములలో పాల్గొన్న సైనిక విమానములను గూర్చి ఒక ఆధారగ్రంథము కావలెనని అచటి విద్యార్థులును ఉపాధ్యాయులును కోరినారు. ఒక్క గ్రంథమునకు మాత్రమే పైకమున్నది. లోకములో ఇట్టి పుస్తకములు వందల కొలది వెలువడినవి. వానిలో దేనిని కొనవలెను? ఇంట పిల్లలు గల గృహస్థునకు కూడ ఈ ప్రశ్న ఎదురు కావచ్చును. దీనికి సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

పొలతల కొండల పొంత వేరుసెనగ పండించుకొను పల్లెకు యుద్ధవిమానములతో ఏమి పని యని కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము మన తీరముననే కలదు.

మొదటి ప్రపంచ యుద్ధము మన తూర్పు తీరమునకు ఓడపై వచ్చినది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మదరాసు రేవున నూనె తొట్లపై గుండ్లు కురిపించి వెడలిపోయినది. రెండవ యుద్ధము గాలిలో వచ్చినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. తెలుగు నేలపై మన ప్రజలు ఆకాశమునుండి పడిన బాంబులకు ప్రాణములు కోల్పోయిన దినమది. ఆ నెలలోనే మదరాసునుండి వేలాది జనులు లోనాటి ఊళ్లకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు చేరినది. సముద్రమునకు దూరముగా నున్న పల్లెలకు కూడ ఆ భయము రైలుబండ్లెక్కి వచ్చినది.

ఆ దినమును కన్నులార చూచినవారు ఇప్పుడు బహు అరుదు. చూచినవారు లేనప్పుడు పుస్తకమే సాక్షి. సాక్షి తప్పు చెప్పినచో తప్పే చరిత్రయై నిలుచును. ఆధారగ్రంథమును జాగ్రత్తగా ఎన్నుకొనవలెననుటకు మొదటి కారణమిది.

కాబట్టి మేము ఒక పద్ధతిని సూచించుచున్నాము. పుస్తకము అట్టను, బొమ్మలను, పుటల సంఖ్యను చూచి నిర్ణయింపవద్దు. మన ఆకాశమునకు, మన చరిత్రకు సంబంధించిన కొన్ని ప్రశ్నలను దాని ముందు పెట్టుడు. వానికి అది ఎట్లు బదులు చెప్పునో చూడుడు.

మొదటి ప్రశ్న: విశాఖపట్నముపై బాంబులు వేసిన విమానమేది?

ఈ ప్రశ్న వినగానే పలువురు 'జీరో' యని బదులు చెప్పుదురు. జపాను విమానమనగా లోకమున అంతగా పేరు పడినది అదియే. కాని జీరో ప్రధానముగా పోరాట విమానము. శత్రు విమానములను కూల్చుటకును, తనవారి బాంబరులను కాపాడుటకును నిర్మింపబడినది. ఆ ఏప్రిలు మాసమున వైస్ అడ్మిరల్ ఓజావా నాయకత్వమున ఒక నౌకాదళము బంగాళాఖాతమున ప్రవేశించి సుమారు ఇరువది వర్తక నౌకలను ముంచినది. ఆ దళములో ర్యూజో అను విమానవాహక నౌక యుండెను. దానిపైనుండి లేచి మన రేవులపై బాంబులు వేసినవి నకజిమా సంస్థ నిర్మించిన ముగ్గురు మనుష్యుల దాడి విమానములు. ఈ రకము 1937 జనవరిలో తొలిసారి ఎగిరినది. బాంబులనైనను, ఎనిమిదివందల కిలోగ్రాముల టార్పీడోనైనను మోయగలదు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడి చేసిన వానిలో ఈ రకము విమానములు కూడ కలవు.

ఇపుడు చిక్కు చూడుడు. ఈ ఒక్క విమానమునకు మూడు పేర్లు. జపానువారు దీనిని 97వ రకపు నౌకాదాడి విమానమనిరి. వారి సామ్రాజ్య శకము క్రీస్తు శకముకంటె 660 సంవత్సరములు ముందున్నది. మన 1937 వారికి 2597. అందలి చివరి రెండంకెలే 97. 1940వ సంవత్సరము వారికి 2600. ఆ యేడు సేనలో చేరిన పోరాట విమానమునకు సున్న మిగిలినది. 'జీరో' యను పేరు వచ్చినది అందులకే. ఇక జపాను నౌకాదళపు సంకేతములో నకజిమా విమానము 'బి5ఎన్'. అనగా నౌకపైనుండి దాడి చేయు జాతిలో ఐదవది, నకజిమావారిది. మూడవ పేరు మిత్రరాజ్యముల సైనికులు పెట్టినది. నోరు తిరుగని పేర్లతో చిక్కు పడి వారు జపాను పోరాట విమానములకు మగపేర్లును, బాంబరులకు ఆడుపేర్లును ఇచ్చిరి. ఈ విమానము వారికి 'కేట్'. జీరో వారికి 'జీక్'.

ఒక పుస్తకమున 'కేట్' అనియు, మఱొక చోట '97వ రకము' అనియు, వేఱొక చోట 'బి5ఎన్' అనియు చదివిన విద్యార్థి అవి మూడు విమానములని భ్రమపడును. కావున మంచి ఆధారగ్రంథమునకు మొదటి లక్షణము చివరనున్న అకారాది సూచిక. ఏ పేరుతో వెదకినను ఒక్క పుటకే అది మనలను చేర్చవలెను. సూచిక లేని ఆధారగ్రంథము తలుపు లేని కొట్టు వంటిది. లోపల ధాన్యమున్నను చేతికి రాదు.

రెండవ ప్రశ్న: హైదరాబాదు పేరు మోసిన తొలి యుద్ధవిమానమేది?

మొదటి యుద్ధపు చివరి సంవత్సరమగు 1918లో బ్రిటిషు వాయుసేనకు చెందిన 110వ దళము ఫ్రాన్సునకు వెళ్లినది. దాని విమానములను ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను తన ధనముతో ఇప్పించెను. అందుచేత ఆ దళమునకు 'హైదరాబాదు దళ'మని పేరు కలిగినది. ఆ విమానములు డీహెచ్9ఎ రకమునకు చెందినవి. రెండు జతల రెక్కలు, ఇద్దఱు మనుష్యులు, నాలుగువందల గుఱ్ఱపు శక్తి గల అమెరికా లిబర్టీ యంత్రము. ఆ విమానములలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనుల చేత చిక్కి, బెర్లినున ప్రదర్శింపబడి, రెండవ యుద్ధకాలమున పోలండు చేరినది. 1977లో అది బ్రిటిషు వాయుసేన మ్యూజియమునకు వచ్చినది. హైదరాబాదు ప్రజల పన్నులతో కొనిన విమానము నేటికిని లండనులో నిలిచి యున్నది.

కథ అంతటితో ముగియలేదు. యుద్ధానంతరము డీహెచ్9ఎ స్థానమును తీసికొనుటకు వెస్ట్‌లాండు సంస్థ వాపిటి యను విమానమును నిర్మించినది. వ్యయము తగ్గించుటకై పాత విమానపు భాగములు పెక్కింటిని అందులో వాడిరి. 1933 ఏప్రిలు 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డున భారత వాయుసేన మొదటి దళము నాలుగు వాపిటి విమానములతోనే ఆరంభమైనది. హైదరాబాదున 1923లో జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో వాయుసేనలో చేరినపుడు కరాచీ తీరరక్షణ దళమున నడపిన విమానములలో వాపిటి యొకటి. పిమ్మట ఆయన బ్రిటనులో హరికేను, స్పిట్‌ఫైరు విమానములపై శిక్షణ పొంది, బర్మా రంగమున పోరాడి, 1978 నుండి 1981 వఱకు స్వతంత్ర భారత వాయుసేనకు అధిపతిగా నుండెను.

దీనినుండి రెండవ లక్షణము తేలుచున్నది. ఒకే పుస్తకము కొనదలచినవాడు రెండవ యుద్ధమునకు మాత్రమే పరిమితమైన దానిని కొనరాదు. 1918 నాటి విమానపు ఎముకలు 1933 నాటి విమానములో నున్నవి. 1933 నాటి విమానము 1942 నాటి యువకుని చేతికి వచ్చినది. రెండు యుద్ధములను విడదీసిన పుస్తకములో ఈ వంశవృక్షము తెగిపోవును.

మూడవ ప్రశ్న: స్పిట్‌ఫైరు వేగమెంత?

ఇది తేలిక ప్రశ్న వలె కనబడును. నిజమునకు ఇదియే గట్టి పరీక్ష. స్పిట్‌ఫైరు 1936 మార్చి 5న తొలిసారి ఎగిరినది. మొత్తము ఇరువదివేలకు పైగా నిర్మింపబడినవి. 1940లో బ్రిటను ఆకాశమును కాపాడిన మొదటి రకపు స్పిట్‌ఫైరునకు యంత్రము వేయి గుఱ్ఱముల శక్తికి కొంచెము పైబడినది. గరిష్ఠ వేగము గంటకు సుమారు 580 కిలోమీటర్లు. యుద్ధము ముగియువేళకు వచ్చిన పదునాలుగవ రకమునకు యంత్రము రెండువేల గుఱ్ఱముల శక్తికి మించినది; వేగము గంటకు 700 కిలోమీటర్లు దాటినది. పేరు ఒక్కటే, విమానము ఒక్కటి కాదు. నిజాము పేర నెలకొన్న 152వ హైదరాబాదు దళము 1940లో ఇంగ్లండు దక్షిణ తీరమున నడపిన స్పిట్‌ఫైరు వేఱు. అదే దళము బర్మా రంగమునకు వచ్చి నడపిన స్పిట్‌ఫైరు వేఱు.

'స్పిట్‌ఫైరు వేగము ఇంత' యని ఒక్క అంకె వేసి ఊరకుండు పుస్తకమును నమ్మరాదు. ఏ రకము, ఏ సంవత్సరము, ఎంత ఎత్తున, ఎంత బరువుతో – ఇవి చెప్పినపుడే ఆ అంకెకు అర్థము. ఎకరమునకు పండిన పంట చెప్పునపుడు మెట్టయో మాగాణియో చెప్పనిచో ఆ లెక్క యెందులకు? ఇదియు అట్టిదే. కావున మూడవ లక్షణము రకముల వివేచన.

నాలుగవ ప్రశ్న: వెంజెన్సు అను విమానమునకు ఆ పుస్తకమున ఎన్ని పంక్తులు కలవు?

వల్టీ వెంజెన్సు అమెరికాలో తయారైన ఇద్దఱు మనుష్యుల విమానము. నిట్టనిలువున క్రిందికి దూకి బాంబు వేయుటకు ఉద్దేశించినది. దీనిని తయారు చేసిన అమెరికావారు తాము యుద్ధమున దాదాపు వాడనేలేదు. వాడినది బ్రిటిషు వాయుసేన, ఆస్ట్రేలియా వాయుసేన, మన వాయుసేన. మన 7వ, 8వ దళములు బర్మా సరిహద్దున దీనితోనే దాడులు చేసినవి. 110వ హైదరాబాదు దళము కూడ ఆ రంగమున దీనినే నడపినది. యుద్ధము ప్రకటింపబడిన మరునాడు, అనగా 1939 సెప్టెంబరు 4న, బ్లెన్‌హైము విమానములతో జర్మను యుద్ధనౌకలపై జరిగిన మొదటి దాడిలో ముందు నడచినది కూడ ఈ దళమే యని స్మరింపదగును.

అమెరికా పాఠకులను ఉద్దేశించిన పుస్తకమున వెంజెన్సునకు ఒక మూల చోటు దొరకును; కొన్నింట అదియును దొరకదు. వారి దృష్టిలో అది విఫల విమానము. బర్మా అడవులలో దాని అండతో ముందుకు నడచిన పదాతి సైనికుని దృష్టిలో అట్లు కాదు. ఏ గ్రంథమైనను ఒక చోట నిలిచి వ్రాయబడునదే. అది నిలిచిన చోటు ఎంత విశాలమైనదో చూచుట నాలుగవ పరీక్ష. బ్రిటను, అమెరికా, జర్మనీలతో సరిపుచ్చక, రష్యా, జపాను, ఇటలీ, ఫ్రాన్సు, పోలండు మొదలగు దేశముల విమానములకు కూడ తగిన చోటిచ్చిన గ్రంథమే మనకు తగినది.

ఐదవ ప్రశ్న: లిబరేటరు కథ ఏ సంవత్సరమున ముగిసినది?

నాలుగు యంత్రముల అమెరికా బాంబరు లిబరేటరు పదునెనిమిదివేలకు పైగా తయారైనది. పెక్కు పుస్తకములలో దాని కథ 1945తో ముగియును. మన దేశమున ముగియలేదు. యుద్ధము ముగియగానే మిత్రసేనలు పలు లిబరేటర్లను కాన్పూరున వదలి వెళ్లినవి. బెంగుళూరిలోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు వానిని ఒక్కొక్కటిగా బాగుచేసి ఎగురునట్లు చేసిరి. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో మైసూరు ప్రభుత్వ సహాయమున స్థాపించిన సంస్థ యిది. యుద్ధకాలమున అమెరికా విమానములకు మరమ్మతులు చేసి అనుభవము గడించినది. 1948లో మన 5వ దళము ఆ విమానములతో ఆరంభమైనది. భారత వాయుసేన 1968 వఱకు లిబరేటర్లను నడపినది. నేడు విదేశములలోని మ్యూజియములలో నిలిచియున్న లిబరేటర్లలో కొన్ని మన దేశమునుండి వెళ్లినవే.

ఇతరులు పారవేసినదానిని మనవారు బాగుచేసి ఇరువది యేండ్లు వాడిరి. ఈ సంగతి లేని పుస్తకము తప్పు పుస్తకమని మేము అనము. కాని విమానము యొక్క పుట్టుక మాత్రమే కాక దాని అంత్యకాలము కూడ చెప్పు పుస్తకము మేలు. 1945 దాటి కొంత దూరమైనను అది నడువవలెను.

ఇవి గాక బొమ్మల విషయము చెప్పవలెను. అందమైన రంగు చిత్రము కన్ను పట్టును. కాని విమానమును గుర్తించుటకు కావలసినది పైనుండి, ప్రక్కనుండి, ముందునుండి చూపు మూడు రేఖాచిత్రములు. యుద్ధకాలమున తీరమున కాపలా కాసినవారికి ఇట్టి నల్లని నీడబొమ్మలతోనే శిక్షణ ఇచ్చిరి. తలపై పోవునది మనదో పరులదో తెలియుట ఆనాడు ప్రాణముతో కూడిన పని. ఛాయాచిత్రము ఒక క్షణమును చూపును. రేఖాచిత్రము నిర్మాణమును చూపును. రెండును ఉన్నచో మఱియు మంచిది.

ఇక గ్రంథములలోనికి ప్రవేశింతము.

ఈ రంగమున అన్నిటికంటె పేరు గలది జేన్స్ వార్షిక గ్రంథము. ఫ్రెడ్ జేన్ అను ఆంగ్లేయుడు 1909లో దీనిని ఆరంభించెను. యుద్ధకాలపు జేన్స్ సంపుటముల సామగ్రిని ఒక్కచోట చేర్చి 'జేన్స్ ఫైటింగ్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆఫ్ వరల్డ్ వార్ టూ' యను పునర్ముద్రణము 1989లో వెలువడినది. ఇది ఆనాటి సాక్ష్యము; అదియే దీని గొప్పతనము, అదియే దీని లోపము. యుద్ధము నడుచుచుండగా శత్రుదేశపు విమానములను గూర్చి ఎంత తెలిసినదో అంతయే ఇందుండును. జపాను విమానముల విషయమున అది చాల తక్కువ. పైగా మొదటి యుద్ధమునకు వేఱొక సంపుటము కొనవలెను. పరిశోధకునకిది నిధి, ఏకైక గ్రంథముగా పల్లె విద్యార్థికి చాలదు.

రెండవది విలియం గ్రీన్ రచించిన 'వార్‌ప్లేన్స్ ఆఫ్ ది సెకండ్ వరల్డ్ వార్'. 1960 నుండి చిన్న చిన్న సంపుటములుగా వెలువడినది. గ్రీన్ ఈ విద్యలో పెద్ద పండితుడు. ఆయన వ్రాతలో స్పష్టతయు పరిశ్రమయు కనబడును. కాని అది పది సంపుటములతో నిలిచిపోయినది. బాంబరుల భాగము దేశముల అకారాది క్రమమున జర్మనీ వఱకు వచ్చి ఆగినది. అందుచే జపాను, బ్రిటను, అమెరికా బాంబరులకు అందు చోటు దక్కలేదు. విశాఖపై బాంబులు వేసిన విమానమును గూర్చి ఆ పది సంపుటములను అడిగినను బదులు రాదు.

మూడవది రెనె ఫ్రాన్సియన్ రచించి 1970లో పట్నమ్ సంస్థ ప్రచురించిన 'జపనీస్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆఫ్ ది పసిఫిక్ వార్'. మన మొదటి ప్రశ్నకు దీనికంటె చక్కని బదులు చెప్పు గ్రంథము లేదు. పేర్ల చిక్కును, రకముల భేదములను, నిర్మాణపు లెక్కలను విప్పి చెప్పును. అదే సంస్థ ప్రచురించిన ఓవెన్ తెట్‌ఫర్డ్ గ్రంథము బ్రిటిషు వాయుసేన విమానములను గూర్చి ఇట్టిదే. కాని ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క దేశమునకే. పట్నమ్ గ్రంథములన్నియు కొనగల గ్రంథాలయమునకు మా సలహాతో పని లేదు.

నాలుగవవి కెనెత్ మన్సన్ పేర 1960 దశకపు చివర నుండి వెలువడిన చిన్న రంగుల పుస్తకములు. చేతిలో ఇమిడిపోవును. పిల్లలకు ప్రీతికరములు. కాని పోరాట విమానములకు ఒకటి, బాంబరులకు ఒకటి, ఒక్కొక్క కాలమునకు ఒకటిగా విడివిడిగా నున్నవి. ఒక్కటి కొన్నచో మిగిలినవి కూడ కొనవలసి వచ్చును.

ఐదవది ఇటలీ రచయిత ఎన్జో ఆంజెలూచ్చి సంకలనము చేసిన సైనిక విమాన విజ్ఞాన సర్వస్వము. 1914 నుండి 1980 వఱకు గల కాలమును ఇది ఒక్క సంపుటమున ఇమిడ్చినది. ఆంగ్లమున 1981లో రాండ్ మెక్‌నాలీ సంస్థ వెలువరించినది. కాలమును బట్టియు దేశమును బట్టియు విభజించి, రంగు చిత్రములతో, కొలతల పట్టికలతో కూర్చిరి. ఇటలీనుండి వచ్చినది గావున, ఆంగ్ల అమెరికా గ్రంథములు చిన్నచూపు చూచు దేశముల విమానములకు కూడ ఇందు చోటు దక్కినది. రెండు యుద్ధములను కలుపు సూత్రము తెగలేదు. 1945 తరువాతి కథ కూడ కలదు. ఒక్కొక్క విమానమును గూర్చి చెప్పినది క్లుప్తమే. లోతు కావలసినవారికి ఇది చాలదు. కాని ఒక్క గ్రంథమునుండి లోతును విశాలతను రెంటిని కోరుట ఒక్క ఎద్దుతో రెండు కాడులు లాగింపబూనుట. పల్లె గ్రంథాలయమునకు ముందు కావలసినది విశాలత.

కావున ఒక్కటే కొనవలెనన్నచో ఆంజెలూచ్చి గ్రంథమును కొనుడని మా అభిప్రాయము. కొత్త ప్రతి దొరకనిచో పాత పుస్తకముల అంగళ్లలో వెదకవలెను. కొనుటకు ముందు పై ఐదు ప్రశ్నలతో ఆ ప్రతిని స్వయముగా పరీక్షించుడు. అది దొరకక వేఱొకటి ఎదురైనను ప్రశ్నలు మాత్రము అవియే. రెండు యుద్ధములు అక్కఱ లేదు, జపాను దాడి మాత్రమే ముఖ్యమనువారు ఫ్రాన్సియన్ గ్రంథమును కొనవచ్చును.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఎంత మంచి విమాన సర్వస్వమైనను యంత్రమును గూర్చి చెప్పును గాని, ఆ యంత్రము క్రింద నిలిచిన మనుష్యుని గూర్చి చెప్పదు. నకజిమా విమానపు రెక్కల పొడవు అందుండును. విశాఖలో మరణించినవారి ప్రస్తావన యుండదు. చక్కని బొమ్మ చూచి యంత్రము చేసిన పనిని మఱచుట విద్యార్థికి తగదు. మనవారి పక్షమున జరిగినదానికి వేఱు ఆధారము కలదు. రెండవ యుద్ధమున భారత సేనల అధికార చరిత్రలో వాయుసేన భాగమును ఎస్. సి. గుప్తా రచింపగా, బిశేశ్వర ప్రసాద్ సంపాదకత్వమున 1961లో ప్రకటించిరి. కొనజాలనివారు పెద్ద గ్రంథాలయమునుండి తెప్పించి చూడవలెను.

మఱొక మాట. ఈ గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టినచో అంకెలు కలియవు. లిబరేటర్లు ఎన్ని తయారైనవను విషయముననే పుస్తకమునకును పుస్తకమునకును కొన్ని వందల తేడా కలదు. ఒకరు విడిభాగములుగా పంపినవానిని లెక్కించిరి, మఱొకరు లెక్కింపలేదు. ఒకరు మాదిరి విమానములను కలిపిరి, మఱొకరు కలుపలేదు. దీనిని చూచి పుస్తకములన్నియు అబద్ధములని విసుగుకొనరాదు.

ఇట్టి సందర్భమున ఏమి చేయవలెనో కడపవారికి ఒకరు చెప్పనక్కఱ లేదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను మన ఊరనే బంగళా కొని, పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠమునకు పాఠము సరిపోల్పించెను. 1829లో ఆయన వేమన పద్యములను అచ్చు వేయించినది ఇట్టి శ్రమ ఫలితమే. ఒక ప్రతిని మూలముగా ఎన్నుకొనుట, మిగిలినవానిలోని భేదములను గుర్తించి వ్రాసి యుంచుట – ఆయన పద్ధతి ఇదియే. బ్రౌను పేర వెలసిన భాషా పరిశోధన కేంద్రము నేటికిని కడపలో నిలిచి యున్నది. తాళపత్రములకు పనికి వచ్చిన పద్ధతి విమానములకును పనికి వచ్చును.

కావున పెండ్లిమర్రి గ్రంథాలయమువారు ఆ ఒక్క గ్రంథముతో పాటు ఒక తెల్లకాగితముల నోటుపుస్తకమును కూడ కొని దాని ప్రక్కన నుంచవలెనని మా సూచన. దాని వెల స్వల్పము. వేఱొక చోట చదివిన అంకె ఈ గ్రంథమున దానితో కలియనిచో, విద్యార్థి అందు విమానము పేరు, రెండు అంకెలు, అవి దొరికిన చోట్లు తెలుగున వ్రాయవలెను. గ్రంథమున లేని మన సంగతులు, అనగా హైదరాబాదు దళములు, తీరరక్షణ దళములు, విశాఖ, కాకినాడ, కాన్పూరున మిగిలిన లిబరేటర్లు, అందు చేరవలెను. ఊరిలో ఎవరి తాతయైనను ఆ యుద్ధమున పని చేసి యున్నచో, ఆ కుటుంబమువారి అనుమతితో ఆయన చెప్పిన మాటలు కూడ చేర్పవచ్చును. అయితే విన్నది విన్నట్లు, చదివినది చదివినట్లు వేఱుగా గుర్తింపవలెను. పదేండ్లు ఇట్లు నడచినచో ఆ నోటుపుస్తకమే తెలుగువారి విమాన చరిత్రకు ఒక ఆధారమగును.

ఉత్తమ ఆధారగ్రంథమేది యను ప్రశ్నకు సంగ్రహముగా మా బదులిది. అన్ని పేర్లతోను వెదకనిచ్చునది, రెండు యుద్ధములను కలిపి చూపునది, అంకె ప్రక్కన దాని షరతును చెప్పునది, అన్ని దేశములకు చోటిచ్చునది, 1945 దాటి నడచునది. ఈ ఐదు లక్షణములలో నాలుగు ఉన్నను కొనవచ్చును. ఐదవదానిని మన చేతివ్రాతతో పూరించుకొనవచ్చును.